మూడో బెంచీలో మూర్ఛ

నా తెలివితక్కువతనంతోనే మొదలుపెడతాను. ఎలాగూ బయటపడేదే. ఇంకెవరో చెప్పేకంటే నేను చెప్పుకుంటే కాస్త పొందిగ్గా ఉంటుంది.

ఒరిస్సాలోని మా రాయగడలో ఒక దెయ్యం సినిమా, మ్యాట్నీ. తెరమీద పాడుబడ్డ బంగళాలో కొవ్వొత్తి ఆరిపోయింది. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలోంచి ఆకుపచ్చ చీర కట్టుకున్న ఇల్లాలు ఒకామె ‘ఓలమ్మో’ అని ఒక్క కేకపెట్టి పక్కకి ఒరిగిపోయింది. హాలంతా గగ్గోలు. నేను పరిగెత్తుకెళ్ళి, నోట్సు రాసుకునే అట్టతో ఆమెకి విసిరాను. అదృష్టంకొద్దీ ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు, మొహాన చల్లాను. అదృష్టంకొద్దీ తెల్లకోటు వేసుకున్న నర్సు ఒకామె గుమ్మం దగ్గరే ఉంది. అదృష్టంకొద్దీ బయట ఖాళీ రిక్షా నిలబడి ఉంది. ఇన్ని అదృష్టాలు ఒకేచోట పోగుపడితే అనుమానించాలని నాకు అప్పటికి తెలీదు.

ఇంటికొచ్చి సమీక్ష రాశాను. ‘ఈ చిత్రం చూసేముందు గుండె చిక్కబట్టుకోండి. నా కళ్ళముందే ఒక స్త్రీ స్పృహ తప్పింది. దెయ్యానికి ఇంతకంటే వేరే కితాబు అక్కర్లేదు’ అని. ఆ మూడు వాక్యాలూ పోస్టరు కెక్కాయి. కింద నా పేరు, జి. ఆశీర్వాదం అని, సినిమా పేరుకంటే లావు అక్షరాలతో. పొంగిపోయి మా ఆవిడని రిక్షాలో తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ పోస్టరుకేసి చాలాసేపు చూసి, ‘ఇందులో దెయ్యం ఎవరు?’ అంది.

తెల్లతెర ముందు నా తెలివి అలా తెల్లారింది.

అసలు ఈ ఉద్యోగం ఏమిటంటే

ఈమధ్య కొందరు కుర్రవాళ్ళు వచ్చి, సినిమాలు సమీక్షించాలంటే ఏం చదవాలండీ అని అడుగుతున్నారు. చదవడం సంగతి తర్వాత. ముందు ఎవరిని నమ్మకూడదో తెలుసుకోవాలి.

అరవైల నడుమనుంచి నేను విజయనగరంలో అచ్చయ్యే ఒక సినిమా వారపత్రికకి రాయగడ, కోరాపుట్ వైపు సమీక్షకుణ్ణి. మా నాన్నగారు కోస్తానుంచి మిషను బడికి మేస్టారుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ మేస్టరునవుతానని ఆయన ఆశ. చీకట్లో కూర్చుని జీతం తీసుకునే ఉద్యోగం ఒకటుంటుందని ఆయనకి చివరిదాకా నమ్మకం కుదరలేదు. పేరుకే ఆశీర్వాదం, రాసేవన్నీ శాపాలే అని మా పాస్టరుగారు ఎగతాళి చేసేవారు.

మా ఊరికి సినిమా రైల్లో వచ్చేది. కోస్తా ఊళ్ళన్నీ చూసి వదిలేశాక, విజయనగరం పాసింజర్లో రేకుపెట్టెలో దిగేది. దాన్ని మేం ‘కొత్త సినిమా’ అనేవాళ్ళం. అప్పటికే గీతలుపడి ఎడారి దృశ్యంలో కూడా వాన కురుస్తూ ఉండేది. నేను చూసి, రాసి, అదే బండి తిరిగి వెళ్ళేటప్పుడు గార్డు చేతికిచ్చేవాణ్ణి.

ఆ పెట్టెతోపాటు ఒక మనిషి దిగేవాడు. రిప్రజెంటేటివ్ అనేవాళ్ళం. హాలువాళ్ళు తెంపిన టిక్కెట్లన్నీ నిజంగా చూపిస్తున్నారో లేదో కనిపెట్టడానికి సినిమా కంపెనీ పంపే మనిషి. అంటే ఆయన ఉద్యోగమే హాలు యజమానిని అనుమానించడం. యజమాని ఆయన్ని అనుమానించేవాడు. ఆ మూర్ఛ తర్వాత నేను ఇద్దర్నీ అనుమానించడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో సినిమా అంటే, ఒకరినొకరు నమ్మనివాళ్ళంతా కలిసి చీకట్లో కూర్చోవడం.

పేరు పోయిన వారం

పోస్టరు పడిన కొన్నాళ్ళకి సంపాదకుడుగారు విజయనగరం రమ్మన్నారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ప్రూఫు దిద్దే ఎర్రసిరా ఎప్పుడూ వేళ్ళకి అంటుకుని ఉండేది. కూర్చోమనకుండానే అడిగారు.

‘ఆ పడిపోయినావిడ చీర రంగేమిటి?’

‘ఆకుపచ్చండి.’

‘పార్వతీపురంలో పడిపోయినావిడదీ ఆకుపచ్చేట. బొబ్బిలిలోనూ ఆకుపచ్చే. సాలూరులో మాత్రం ఎరుపట. ఆకుపచ్చది చాకలికి వేసుంటుంది.’

నేను వేళ్ళమీద ఊళ్ళు లెక్కపెట్టుకున్నాను.

‘ఆ శేషగిరికీ మీకూ ఏమన్నా...’ అని ఆయన వాక్యం అక్కడే ఆపేశారు. శేషగిరి అంటే ఆ సినిమా పెట్టెతో వచ్చిన రిప్రజెంటేటివ్.

‘లేదండీ. మోసపోయాను.’

‘అమ్ముడుపోయినవాళ్ళు కూడా ఆ మాటే అంటారు.’

‘అయితే అసలు సంగతి రాసేస్తానండి. ఆవిడ మూర్ఛ నటన అని.’

‘పోయినసారి మూర్ఛ అని రాశారు. ఈసారి నటన అని రాస్తారు. పాఠకుడు ఏ ఆశీర్వాదాన్ని నమ్మాలి? ఒక పని చెయ్యండి. పాఠకుడు తనంతట తాను హాలుకి వెళ్ళి, మీరు రాసింది కళ్ళతో సరిచూసుకోగలిగినది ఒక్కటి రాసుకురండి. ఆరోజు మీ పేరు వేస్తాను. అందాకా మీరు ‘మా ప్రతినిధి’.’

పేరు పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. రెండు వారాల్లో తెలిసింది. స్టేషను దగ్గర టీకొట్టువాడు కూడా, ‘ఎవుడో మా పెతినిదంట, ఆడి రాతలు మనకెందుకు’ అని పేపరు మడిచి పొట్లాలకి వాడేశాడు. నా ముందే. నాకే పకోడీ కట్టిచ్చాడు.

కోరాపుట్ బస్సు

ఆ తర్వాత ఒకసారి కోరాపుట్ వెళ్ళే బస్సెక్కితే, ముందు సీట్లో శేషగిరి, పక్కన రేకుపెట్టె, వెనకసీట్లో ఆకుపచ్చ చీర. ఒళ్ళో వేరుశనక్కాయలు పోసుకుని వొలుచుకు తింటోంది. దుక్కలా ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

‘ఏటి బాబూ, ఆరోజు అన్ని నీళ్ళు కుమ్మరించీసినావు? మొకం మీద నాలుగు సుక్కలు సాలును. సెంబుడు పోసీసినావు. నా సీర ఆరడానికి సాయంత్రం అయిపోనాది.’

శేషగిరి వెనక్కి తిరిగాడు. కాలరు దగ్గర జేబురుమాలు పెట్టుకుని, నుదుటిమీద జుట్టు జాగ్రత్తగా దువ్వుకునే మనిషి. ‘ఎవరమ్మా నువ్వు? ఎవరితో మాట్లాడుతున్నావు?’ అన్నాడు.

‘ఓలప్పా! నానెవులినో తెలీదేటి నీకు? శనక్కాయలు కొన్నది నువ్వే కాదేటి?’

బస్సులో నవ్వులు. శేషగిరి లేచి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించి, ఎంతో గౌరవంగా, ‘గురువుగారూ, మీరు పెద్దలు. రాసింది రాసేశారు. ఇప్పుడు కాదని రాస్తే పోయేది నా పరువు కాదు. నాకు అది మొదట్నుంచీ లేదు కదా’ అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఒళ్ళు మండింది.

కాళ్ళు చూడండి

దెయ్యం సినిమా మంచిదో కాదో తేల్చడానికి నేను అప్పట్నించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సమీక్ష అంటే సమంగా చూడడం కదా. ఒక కన్ను తెరమీద, ఒక కన్ను జనంమీద పెట్టాను. అదీ మొహాలమీద కాదు. మొహం అబద్ధమాడుతుంది, నోరు ఇంకా ఆడుతుంది. మగాళ్ళు భయమేస్తే ఈల వేస్తారు. ఆడవాళ్ళు నవ్వుతారు. కేక పెట్టేవాడు సగంసార్లు పక్కవాణ్ణి ఝడిపించడానికే పెడతాడు.

భయపడ్డవాడు కాళ్ళు పైకి లాక్కుంటాడు. బెంచీ కింద ఏదో ఉన్నట్టు, తనకి తెలీకుండానే. తెరమీద వెలుగు పడినప్పుడల్లా నడవాలోంచి వంగి చూసేవాణ్ణి. నేలమీద పాదాల వరస అలాగే ఉంటే ఆ దెయ్యం దండగ. వరస మాయమైతే సినిమా నిలబడినట్టే. ‘బాబేదో పారీసుకున్నాడేటో, కింద ఎతుకుతున్నాడు’ అని జనం అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను.

ఈ పద్ధతిలో మన దెయ్యం సినిమాలు చాలామటుకు ఫేలు. తెల్లచీర, విరబోసిన జుట్టు, కుక్క ఏడుపు, మబ్బుల్లో చంద్రుడు. పదకొండో రీలు దాకా పాటలు పాడిన దెయ్యం, పన్నెండో రీల్లో విగ్గు తీస్తే మేనమామ. ఆస్తికోసం వేషం వేశాడట. ఇది ప్రేక్షకుడికి చేసే ద్రోహం అని నా ఖచ్చితమైన అభిప్రాయం. అంతసేపు భయపెట్టి, చివరికి భయపడ్డందుకు మనల్నే వెధవల్ని చేస్తారు. దయ్యంలో ‘దయ’ ఉంది, ఆ దర్శకుల్లో లేదు.

ఎద్దుబండి సినిమాలు

దెయ్యం సినిమాల తర్వాత కుర్రవాళ్ళు అడిగే రెండోరకం, పెద్ద కంపెనీల అండ లేకుండా ఎవరికివారు తీసుకునే చిన్న సినిమాలు. ఇవి మా హాళ్ళకి వచ్చేవి కావు. తెరుబలి ఫ్యాక్టరీ క్లబ్బులో, సునాబెడ వైపు కాలనీల్లో, గోడకి గుడ్డకట్టి వేసేవారు. నేను వాటినీ అంతే అనుమానంతో చూశాను.

తెరుబలి క్లబ్బులో ఒక సినిమా చూశాను. ఎద్దుబండి తెరకి ఈ చివర ప్రవేశించింది. నేను బయటికెళ్ళి, టీ తాగి, చుట్టాలాయన ఒకడు కనబడితే వాళ్ళింట్లో అందరి క్షేమం అడిగి వచ్చాను. బండి అప్పుడే ఆ చివరికి చేరుతోంది. ఇంజనీర్లందరూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఊఁ కొడుతున్నారు. ఆట అయ్యాక ఒకాయన్ని అడిగాను, ఆ ముసలాడు చివర ఎందుకు నవ్వాడండీ అని. ‘అది ఎవరికివారు తెలుసుకోవాలండీ’ అన్నాడు. ఆయనకీ తెలీదన్నమాట. పక్కాయన నవ్వుకుని తలాడించాడు. ఆయనకీ తెలీదు. అర్థంకాలేదని ఒప్పుకుంటే పక్కవాడి ముందు చులకనైపోతామని అందరూ చప్పట్లు కొట్టారు. ఇదీ భయమే. కాకపోతే కాళ్ళు నేలమీదే ఉంటాయి.

కుర్రవాళ్ళకి ఒకటే చెబుతాను. అర్థంకానిదంతా లోతు కాదు. బురదనీళ్ళలో కూడా అడుగు కనబడదు. అలాగని చిన్న సినిమాలన్నిటినీ ఒకే గాట కట్టెయ్యకండి. నేను కట్టేసి కూర్చున్నప్పుడే ఆ సినిమా వచ్చింది.

అవతలి గది

రాయగడ హాలు యజమాని పాత్రోబాబు. ఒడియావాడు, మంచివాడే, కాని ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళ మాట వినేవాడు. ఒకసారి ఆయనకి రావలసిన సినిమా రాలేదు. శేషగిరి అప్పటికి ఊళ్ళోనే, స్టేషను దగ్గర సత్రంలో దిగి, తన కొత్త దెయ్యం సినిమా పెట్టెకోసం ఎదురుచూస్తున్నాడు. అది రావడానికి ఇంకా వారం పట్టేట్టుంది. ఆ సందులో భాస్కరం అనే కుర్రాడు వచ్చాడు. సినిమా తీసింది అతనే, పెట్టె మోసుకొచ్చింది అతనే, గోడలకి పోస్టర్లు అంటించుకున్నదీ అతనే. చేతులకి మైదాజిగురు.

సినిమా పేరు ‘అవతలి గది’. భయపెట్టే సినిమా అని పోస్టరుమీద చెప్పుకున్నాడు. పాటల్లేవు, దెయ్యం లేదు. అనుమానంగా వెళ్ళి కూర్చున్నాను. దీపాలు ఆర్పే ముందు చూద్దును కదా, ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో ఆకుపచ్చ చీర.

ఓహో, అనుకున్నాను. ఈ కుర్రాడూ శేషగిరి దగ్గర మనిషిని ఎరువు తెచ్చుకున్నాడన్నమాట.

ఇక సినిమా ఎక్కడ చూస్తాను. ఆమె ఎప్పుడు పడుతుందా అని అటే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూసినా పడదే! విశ్రాంతి అయింది. పడలేదు. విసుగొచ్చి తెరకేసి తిరిగాను.

కథ ఇంతే. తండ్రి, చిన్న కూతురు. తల్లి పోయింది. కొత్త ఊళ్ళో అద్దెకి దిగారు. రోజూ భోజనాల వేళకి ఆ పిల్ల మూడు కంచాలు పెడుతుంది. తండ్రి కోప్పడి మూడోది తీసేస్తాడు. మర్నాడు మళ్ళీ మూడు. అవతలి గదిలో ఎవరో మసులుతున్న చప్పుడు. తండ్రి తలుపు తీస్తే ఏమీ ఉండదు, మూస్తే చప్పుడు. ఆఖరి దృశ్యంలో పిల్ల బుద్ధిగా రెండే కంచాలు పెట్టి కూర్చుంటుంది. తండ్రి గదికేసి చూస్తాడు. లేచి వెళ్ళి, తనే మూడో కంచం తెచ్చి వేస్తాడు.

తెర తెల్లబడింది. ఒక్కరూ ఈల వెయ్యలేదు. అలవాటు కొద్దీ వంగి చూశాను. నేలమీద ఒక్క పాదం లేదు. నా పాదాలకోసం చూసుకుంటే, అవి కుర్చీమీద ఉన్నాయి.

మూడో బెంచీలో ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, మోకాళ్ళు గుండెలకి హత్తుకుని కూర్చుని ఉంది.

నూకాలు

బయట టీకొట్టు దగ్గర పట్టుకున్నాను.

‘ఏం, ఇవాళ పడలేదేం? భాస్కరం ఎక్కడ పడమన్నాడు?’

‘ఏ బాస్కరం? ఇయాల నానే టిక్కట్టు కొనుక్కున్నాను బాబూ. పడిపోతే మిగతాది ఎవులు సూస్తారు?’ అంది. టీ ఒక గుక్క తాగి, ‘నాను ఇప్పుడిదాకా ఏ సినిమా ఆకరు సూడనేదు. కొవ్వొత్తి ఆరగానే పడిపోవాల. నన్ను మోసీసి బయట కూకోబెట్టీస్తారు. అవును గానీ, ఆ బంగళాలో దెయ్యం సివరికి ఏటయ్యింది?’ అంది.

‘దెయ్యం కాదు. మేనమామ వేషం వేశాడు.’

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. టీ ఒలికిపోయింది. ‘ఓలమ్మ! అయితే ఆడూ నాలాటోడే! ఆడినైతే తెరమీద సూపించినారు, పేరూ ఏసినారు.’

అప్పుడు చెప్పింది. పేరు నూకాలు. బొబ్బిలి వైపు పద్యనాటకాల్లో ఆడవేషాలు వేసేది. ఆ కంపెనీ మూతపడితే శేషగిరి తీసుకొచ్చి ఈ పనిలో పెట్టాడు. ఎక్కడికి తీసుకెళ్ళినా ‘పాపం గుండెబలం తక్కువ మనిషి’ అని చెప్పేవాడు తప్ప, ఆర్టిస్టు అని ఒక్కచోట అనలేదు.

‘అన్ని ఊళ్ళు ఏసేను బాబూ. ఒక్క పేపర్లో కూడా నా పేరు పడనేదు.’

‘నా పేరూ పడడం లేదు’ అన్నాను. ‘నీమీద రాయబట్టే.’

‘నామీద రాసినావా! నన్ను సూసి దెయ్యం మీద రాసినావు గానీ’ అంది.

ఇంటికెళ్ళి ‘అవతలి గది’ గురించి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాను. నేను రాసిన మంచి సమీక్షల్లో అదొకటి. ఆ వారమే అచ్చయింది. కింద ‘మా ప్రతినిధి’.

రెండు పెట్టెలు

దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. జనం పలచబడ్డారు. ఈలోగా శేషగిరి పెట్టె అనుకున్నదానికంటే ముందే వస్తోందని కబురు. ఆఖర్న మాట్లాడింది అతనే కాబట్టి, పాత్రోబాబు ‘అవతలి గది’ తీసేశాడు. నేను వెళ్ళి అడిగాను.

‘ఆగ్యా, కొణొ కొరిబి? ఏం చేయమంటారు?’ అన్నాడు చేతులు నలుపుకుంటూ. ‘మంచి సినిమా అని మీరు నోటితో చెప్తున్నారు. పేపర్లో మీ పేరు ఏదీ? ఎవరో ప్రతినిధి రాస్తే నేను హాలు ఖాళీగా ఉంచుకోనా?’

స్టేషనుకి వెళ్ళాను. పాసింజరు వచ్చింది. శేషగిరి పెట్టె దిగింది. పక్కనే భాస్కరం పెట్టె ఎక్కడానికి సిద్ధంగా ఉంది. రెండూ ఒకేలాంటి రేకుపెట్టెలు. భాస్కరం దానిమీద కూర్చుని ఉన్నాడు.

‘ఆ సమీక్ష మీదే కదండీ?’ అన్నాడు.

‘ఎలా తెలిసింది?’

‘హాల్లో వంగి కాళ్ళు చూసింది మీరొక్కరే. అందులో కాళ్ళ సంగతి ఉంది.’ పెట్టెకి అంటించిన చీటీ అదుముతూ, ‘పేరుంటే బాగుండేదండి’ అన్నాడు. నిష్ఠూరంగా కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పెట్టె ఎక్కించడంలో ఒక చెయ్యి వేశాను. బండి కదిలింది. నా పేరు పోవడం నా సొంత నష్టమనుకుంటూ వచ్చాను. అది ఇంకొకరి సినిమాని కూడా మోసుకుపోతుందని అక్కడ నిలబడ్డాకే తెలిసింది.

కొత్త పెట్టె దించుకోవడానికి శేషగిరి వెంట నూకాలూ వచ్చింది. అతను కూలీలతో మాట్లాడుతుంటే పక్కకి పిలిచాను.

‘నూకాలూ, ఈసారి నిన్ను చూసి నీమీదే రాస్తే? పేరుతో సహా. ఆలోచించుకో, నీ పని పోతుంది.’

‘పోతే పోనీ బాబూ. పడిపోయే పని ఎన్నాళ్ళు సేస్తాం, నడుం ఇరిగిపోతన్నాది.’ మళ్ళీ దగ్గరికి జరిగి అడిగింది, ‘బాగా ఏసినాననే రాస్తావా? కుదరనేదని రాస్తావా?’

‘ఎలా వేస్తే అలా రాస్తాను’ అన్నాను.

‘అయితే సూడు మరి’ అంది.

వన్స్ మోర్

కొత్త దెయ్యం సినిమా మొదటి ఆట చూశాను. ఇందులోనూ బంగళా, ఇందులోనూ కొవ్వొత్తి, మూడో బెంచీలో నూకాలు. సమీక్ష రాసి గార్డుకిచ్చాను. అందులో ముఖ్యమైన ముక్క ఇది:

‘ఈ చిత్రంలో చెప్పుకోదగ్గ నటన ఒక్కటే. అది తెరమీద లేదు. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో, గోడవారగా ఉంది. నటి పేరు నూకాలు. కొవ్వొత్తి ఆరగానే అటు చూడండి. ముందు కేక, తర్వాత ఒరగడం. ఒరిగేటప్పుడు ఎడమచేత్తో కొంగు సర్దుకుంటుంది. మూర్ఛపోయేవాళ్ళు కొంగు సర్దుకోరన్నమాట నిజమే. కాని మర్యాద తెలిసిన నటి సర్దుకుంటుంది. నీళ్ళు చల్లేవాళ్ళు దయచేసి నాలుగు చుక్కలే చల్లండి. ప్రతి ఆటలోనూ ఇదే చోట, ఇదే పద్ధతిలో జరుగుతుంది. అనుమానం ఉన్నవారు స్వయంగా చూసుకోవచ్చు.’

సంపాదకుడుగారు దాన్ని అచ్చువేశారు. పేరు మాత్రం వెయ్యలేదు. పత్రికల కట్టతోపాటు ఆయనే పాసింజర్లో దిగారు. ‘అనుమానం ఉన్నవారు చూసుకోవచ్చన్నారుగా. నాకుంది’ అన్నారు.

ఈసారి ‘మా ప్రతినిధి’ని అందరూ చదివారు. మ్యాట్నీకి హాలు నిండిపోయింది. శేషగిరి పేపరు చూడలేదు, సినిమా బాగుందనే జనం వచ్చారనుకున్నాడు. జేబురుమాలు సవరించుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతిలో నీళ్ళ చెంబుతో.

సినిమా మొదలైంది. తెరకేసి చూస్తున్నవాడు ఒక్కడు లేడు. మగాళ్ళంతా మెడలు ఆడవాళ్ళ వైపు తిప్పుకుని కూర్చున్నారు. పడకపోతే? పేపరు సంగతి తెలిసి శేషగిరి ఆమెని ఆపేస్తే? సంపాదకుడుగారు నా పక్కనే, ఎర్రసిరా వేళ్ళు మోకాలిమీద ఆడిస్తూ ఉన్నారు.

కొవ్వొత్తి ఆరింది.

‘ఓలమ్మో!’

కేక, ఒరగడం, ఎడమచెయ్యి, కొంగు. అక్షరం పొల్లుపోలేదు.

తర్వాత నేల తరగతిలోంచి ఎవరో అరిచారు, ‘వన్స్ మోర్!’

మావైపు పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఇది తెలుసు. పద్యం నచ్చి జనం ‘వన్స్ మోర్’ అంటే కాదనడానికి వీల్లేదు. యుద్ధంలో చచ్చిపడిన వీరుడైనా సరే, దుమ్ము దులుపుకుని లేచి, పద్యం మళ్ళీ అందుకుని, మళ్ళీ చావాలి. హాలంతా అందుకుంది. ‘వన్స్ మోర్! నూకాలూ, వన్స్ మోర్!’

శేషగిరి చెంబుతో పరిగెత్తుకొచ్చాడు. ‘లేవకు, లేవకు’ అని అతను పళ్ళబిగువున అంటున్నది మా వరసదాకా వినబడింది. ఆమె కళ్ళు తెరిచింది. లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. బెంచీ పక్కన నిలబడి, వేదికమీద చేసినట్టు, మూడువైపులా నమస్కారం పెట్టింది. ‘ఓలమ్మో!’ అని ఈసారి ఇంకా పైస్థాయిలో అందుకుని, ఒరిగిపోయింది.

ఆ చప్పట్లు తెరుబలి క్లబ్బు చప్పట్లలాంటివి కావు.

తర్వాత జనం లేచారు. వచ్చిన పని అయిపోయింది కదా. నవ్వుకుంటూ, ఒకరికొకరు చేసి చూపించుకుంటూ, ఇళ్ళకి వెళ్ళిపోయారు. నూకాలు చుట్టూ ఆడవాళ్ళు మూగారు. రైల్వే కాలనీ నాటక సమాజంవాళ్ళు ఆరోజే ఆమెని మాట్లాడుకున్నారు. తర్వాత చాలా ఏళ్ళు అక్కడ వేషాలు వేసింది. నేను అన్నీ చూశాను, కొన్నిటిని తిట్టాను కూడా. విమర్శకుడు కదా.

ఖాళీ బెంచీల ముందు తెరమీద సినిమా నడుస్తూనే ఉంది. చాలాసేపటికి దెయ్యం వచ్చింది. చూడ్డానికి మేం ముగ్గురం మిగిలాం. సంపాదకుడుగారు జేబులోంచి పెన్ను తీసి, ‘పేరు పూర్తిగా వెయ్యమంటారా, పొడి అక్షరాలా?’ అని అడిగారు. పూర్తిగానే వెయ్యమన్నాను.

శేషగిరి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. చెంబులో నీళ్ళు తనే తాగాడు. జుట్టు చెదిరి ఉంది. కొంతసేపయ్యాక, అలవాటైన గౌరవంతో, ‘జరిగిందేదో జరిగింది గురువుగారూ. ఇంకా ముందు చాలా ఊళ్ళు తిప్పాలి దీన్ని. అసలు సినిమా గురించి ఒక్క ముక్క రాయండి. పోస్టరుమీద వేసుకుంటాను’ అన్నాడు.

తప్పకుండా అన్నాను. తర్వాతి వారం ఆ ఒక్క ముక్కే రాశాను. దాన్నే సంపాదకుడుగారు మొదటి పేజీలో, చుట్టూ గీతలు కొట్టి, పెద్ద అక్షరాలతో వేశారు:

‘ఈ సినిమా చూసి రాయగడలో ఎవరూ మూర్ఛపోలేదు. — జి. ఆశీర్వాదం.’